ట్రంకు పెట్టెలో స్వెటర్లు, పసివాళ్ల చేతుల్లో బొమ్మలు

గత సంచికలో పాత స్వెటర్లతో పిల్లలకు గుడ్డబొమ్మలు కుట్టుకోవడం గురించి ఈ శీర్షికలో నాలుగు వాక్యాలు రాశాను. దానికి ఒక్క విశాఖపట్నం నుంచే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. డిసెంబరులో కూడా ఫ్యాను వేసుకునే ఊళ్లో స్వెటర్లెక్కడివి అనిపించవచ్చు గానీ, ఉత్తరాలు చదివితే సంగతి తెలిసింది. నౌకాదళంలోనో రైల్వేలోనో పనిచేసి, ఉత్తరాదిన కొన్ని చలికాలాలు గడిపి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. అరకుకో లంబసింగికో వెళ్లేటప్పుడు కొని, ఒక్కసారి తొడిగి, మళ్లీ పెట్టెలో దాచినవారూ ఉన్నారు. ఆ స్వెటర్లను తొడిగే అవసరం రాదు, పారేయడానికి మనసు రాదు. చిరిగిన చీరలను పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టుకున్న చేతులకు స్వెటరుతో బొమ్మ కుట్టడం కొత్త విద్యేమీ కాదు. అయితే నేసిన బట్టకూ అల్లిన బట్టకూ ఉన్న తేడా తెలియక చాలామంది మొదటి బొమ్మతోనే విసిగిపోతున్నారు. వచ్చిన ప్రశ్నల్లో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మావారి ఉద్యోగరీత్యా మేము ఢిల్లీలో ఆరేళ్లు ఉన్నాము. అప్పటి స్వెటర్లు పదకొండింటిని ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచాను. మనవరాలికి బొమ్మలు కుడదామని ఇప్పుడు తీస్తే కొన్ని మెత్తగా, కొన్ని గరుకుగా ఉన్నాయి; రెండింటికి చిల్లులు పడ్డాయి. వేడినీళ్లలో ఉతికితే బట్ట చిక్కబడి బొమ్మలకు బాగుంటుందని కొందరు, పాడైపోతుందని కొందరు చెబుతున్నారు. ఏది నిజమో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ముందుగా కలరా ఉండల సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట అదే. ఆ ఉండలను ఎక్కువగా నాఫ్తలీన్‌తో చేస్తారు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకు, నాఫ్తలీన్ వేసి దాచిన బట్టలు తొడిగినా, ఆ ఆవిరి పీల్చినా రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోయి, రక్తహీనత, పచ్చకామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. కాబట్టి స్వెటర్లన్నిటినీ వారం పది రోజులు డాబా మీద గాలికి ఆరవేసి, ఉతికి, మళ్లీ ఆరవేసి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన ఏమాత్రం తగలడం లేదని నిర్ధారించుకున్నాకే కత్తెర ముట్టండి. ఎన్ని ఉతుకులకూ వాసన వదలని స్వెటరు ఉంటే దానిని పిల్లల బొమ్మకు వాడవద్దు.

ఇక వేడినీళ్ల విషయం. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ నిజమే చెప్పారు, కానీ ఇద్దరూ వేరువేరు స్వెటర్లను మనసులో పెట్టుకొని చెప్పారు. గొర్రె ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొలుసులు ఉంటాయి. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిసినప్పుడు ఆ పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని, మళ్లీ విడదీయలేనంతగా బిగుసుకుపోతాయి. బట్ట కుంచించుకొని, మందంగా, కంబళిలా తయారవుతుంది. దీనినే ఫెల్ట్ అంటారు. ఇది బొమ్మలకు ఎంతో అనువైన బట్ట, ఎందుకంటే కత్తిరించిన అంచు ఊడదు. ఆక్రిలిక్ అలా కాదు. అది పెట్రోలియం నుంచి తీసిన పోగు, దానికి పొలుసులు లేవు, ఎంత వేడినీళ్లలో ఉతికినా ఫెల్ట్ కాదు. పైగా వేడికి బిగి కోల్పోయి, సాగి, జీవం లేని గుడ్డలా వేలాడుతుంది. మెషీనులో ఉతకడానికి వీలుగా శుద్ధి చేసిన ఉన్ని కూడా మామూలుగా ఫెల్ట్ కాదు.

ఏది ఉన్నో ఏది ఆక్రిలికో మెడ దగ్గరి చీటీ చూస్తే తెలుస్తుంది. చీటీ చెరిగిపోతే, లోపలి కుట్టు దగ్గర నుంచి రెండంగుళాల పోగు ఒకటి లాగి, పట్టకారుతో పట్టుకొని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకొని, స్టీలు పళ్లెం మీద అంటించి చూడండి. ఉన్ని అయితే మంట తీయగానే దానంతట అదే ఆరిపోతుంది, జుట్టు కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ అయితే కరుగుతూ గబగబా మండి, చివర నల్లని గట్టి పూసలా మిగులుతుంది. చల్లారేదాకా దానిని ముట్టుకోవద్దు. రెండు లక్షణాలూ కనిపిస్తే అది కలగలుపు ఊలు.

ఉన్ని అని తేలినవాటిని ఒక్కొక్కటిగా పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి, రెండు పాత జీన్సు ప్యాంట్లతో కలిపి, సుమారు 60 డిగ్రీల వేడినీళ్లతో మెషీనులో తిప్పండి. గలీబు లేకపోతే రాలిన ఉన్ని నూగు మెషీను గొట్టంలో చేరుతుంది. ఒక్కసారికి సరిపోకపోతే మళ్లీ తిప్పండి. అల్లిక గీతలు కంటికి కనిపించకుండా పోయి, మూల ఒకటి కత్తిరించినప్పుడు పోగు లేవకుండా ఉంటే పని అయినట్టే. చిల్లులు పడ్డ స్వెటర్లను విడిగా చూడండి: పురుగు తిన్న చిల్లు అయితే లోపల గుడ్లో పిల్లపురుగులో ఉండవచ్చు గనుక, గట్టిగా కట్టిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి డీప్ ఫ్రీజరులో కొన్ని రోజులు ఉంచి, ఆ తరువాత ఉతకండి. చిల్లు చుట్టూ ఉన్న భాగం వదిలేసినా, ఒక్క స్వెటరు నడుము భాగంలోనే రెండు చిన్న బొమ్మలకు సరిపడా బట్ట వస్తుంది.

ప్రశ్న: ఆక్రిలిక్ స్వెటరు మీద ఏనుగు నమూనా పెట్టి, జాకెట్టు గుడ్డ కత్తిరించినట్టే కత్తిరించాను. కుట్టేలోపే అంచులు ఊడిపోయాయి. ఎలాగో కుట్టి దూది కూరితే, పొట్ట సన్నబడి, నిలువునా సాగిపోయి, ఏనుగులా లేకుండా పోయింది. ఎక్కడ తప్పు జరిగింది?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీరు చేసిన పొరపాటు దాదాపు అందరూ చేసేదే. జాకెట్టు గుడ్డలో పడుగు, పేక అడ్డంగా నిలువుగా ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. స్వెటరులో అలా కాదు. ఒకే పోగు ఉచ్చులు ఉచ్చులుగా, ఒక ఉచ్చులో నుంచి ఇంకొకటి దూరుతూ పైకి పోతుంది. ఒక ఉచ్చు తెగిందంటే దాని ఆధారంతో నిలిచిన ఉచ్చులు వరుసగా జారిపోతాయి. అందుకే అల్లిన బట్టను కత్తిరించి కుట్టకూడదు, కుట్టి కత్తిరించాలి. నమూనాను న్యూస్‌పేపరు మీద గీసి కత్తిరించుకొని, స్వెటరును తిరగేసి, సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీతకు కొంచెం లోపలగా, చిన్న చిన్న కుట్లతో రెండు వరుసలు మెషీను మీద వేయండి. ఆ తరువాత గీతకు అర అంగుళం బయటగా కత్తిరించండి. మీ మెషీనులో జిగ్‌జాగ్ లేకపోతే, చీరలకు పీకో చేసే దుకాణంలో ఇచ్చి అంచులు జిగ్‌జాగ్ చేయించుకోండి. ఈ చిన్న పనిని వాళ్లు వెంటనే చేసి ఇస్తారు. చేత్తో కుట్టేవారు వెనుక కుట్టు దగ్గర దగ్గరగా వేసి, అంచును కాజా కుట్టుతో కప్పితే చాలు. కాలర్లకు వాడే ఫ్యూజింగ్‌ను వెనుక అంటించడం మరో పద్ధతి, కానీ ఆక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనితే బట్ట చచ్చిపోతుంది గనుక మధ్యలో నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడితోనే అంటించాలి.

నిలువునా సాగడానికి కారణం వేరు. స్వెటరును రెండు చేతులతో అడ్డంగా లాగి చూడండి, తరువాత నిలువుగా లాగి చూడండి. అడ్డంగా ఎక్కువ సాగుతుంది. ఆ సాగే వైపు బొమ్మ పొట్ట చుట్టూ తిరిగేలా నమూనా పెట్టాలి. మీరు బట్ట కలిసివస్తుందని నమూనాను తిప్పి పెట్టి ఉంటారు, అందువల్ల దూది బలమంతా నిలువు వైపు పోయింది. ముందు పొట్ట, వెనుక పొట్ట, నాలుగు కాళ్లు అన్నీ ఒకే దిశలో ఉండాలి. ఒక్క కాలు తేడాగా పెట్టినా బొమ్మ ఆ వైపుకు ఒరుగుతుంది.

ఏనుగును ఎంచుకున్నందుకు మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి. జర్మనీలో మార్గరెట్ స్టైఫ్ అనే కుట్టుపని చేసే మహిళ 1880లో గుండుసూదులు గుచ్చుకోవడానికని ఫెల్ట్ గుడ్డతో ఒక చిన్న ఏనుగును కుట్టింది. దానిని పిల్లలు తీసుకొని ఆడుకోవడం మొదలుపెట్టారు, ఆమె బొమ్మల వ్యాపారానికి అదే నాంది అయింది. చిన్నతనంలో వచ్చిన పోలియో వల్ల ఆమెకు కాళ్లు చచ్చుబడిపోయి, కుడి చెయ్యి కూడా సరిగా సహకరించేది కాదు. మీ రెండో ఏనుగుకు స్వెటరు చేతులు వాడండి. చేతి చివర ఉండే బిగుతైన పట్టీ ఏనుగు పాదానికి అచ్చంగా సరిపోతుంది. అక్కడ అంచు ముందే కట్టి ఉంటుంది గనుక ఊడుతుందనే భయమూ లేదు.

ప్రశ్న: మా ఇంట్లో పాత దిండ్లలో బూరుగు దూది చాలా ఉంది. బొమ్మల్లోకి అది వాడవచ్చునా? మిగిలిన గుడ్డపీలికలు కూరవచ్చునా?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: బూరుగు దూది తేలికైనది, మెత్తనిది, దిండుకు దానిని మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని పోగులు చాలా సన్నవి, పొట్టివి. స్వెటరు అల్లిక సందుల్లో నుంచి నూగుగా బయటికి వస్తూనే ఉంటాయి. ఆయాసం, దగ్గు ఉన్న పిల్లలకు ఆ నూగు మంచిది కాదు. పైగా నీళ్లు తగిలితే ఉండలు కడుతుంది. మామూలు పత్తి గురించి నా అనుభవమే చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను కుట్టిన మొదటి కుందేలులో శుభ్రమైన పత్తి కూరాను. జులైలో ఒకసారి ఉతికాను. పైన ఆరింది, లోపల ఆరలేదు. మన ఊళ్లో వానాకాలపు గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఐదో రోజుకు ముక్క వాసన వచ్చింది, విప్పి చూస్తే పత్తి మధ్యలో నల్లని బూజు చుక్కలు కనిపించాయి. ఆ కుందేలును అప్పటికే ఒక బాబు పక్కలో పెట్టుకొని పడుకున్నాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందువల్ల పరుపుల కొట్లో దిండ్ల కోసం అమ్మే పాలిస్టర్ ఫైబరు వాడండి. ఎండలో తొందరగా ఆరుతుంది, ఉండ కట్టదు. దానిని ముద్దలుగా కాక, వేళ్లతో విడదీసి, కొంచెం కొంచెంగా, కాళ్ల కొసల నుంచి మొదలుపెట్టి కూరండి. గుడ్డపీలికలు వాడాలనుకుంటే పాదాల్లోకి మాత్రమే వాడండి, బొమ్మ నిలబడటానికి ఆ బరువు ఉపయోగపడుతుంది. బరువు కోసం పెసలో కందులో పోయవద్దు. మన వాతావరణంలో పురుగు పడుతుంది, కుట్టు ఊడితే గింజలు పిల్లల ముక్కుల్లోకి, గొంతుల్లోకి పోతాయి.

మరొక్క సూచన. ఆక్రిలిక్ అల్లిక వదులుగా ఉంటే ఫైబరు తెల్లగా బయటికి కనిపిస్తుంది. పాత బనియనుతో బొమ్మ ఆకారంలోనే లోపలి సంచి కుట్టి, ఫైబరును అందులో కూరి, ఆ సంచిని బొమ్మలో పెట్టండి. బనియను కూడా అల్లిన బట్టే గనుక రెండూ కలిసి సాగుతాయి. వీపు కుట్టు విప్పి సంచి బయటికి తీస్తే, తొడుగును విడిగా, సంచిని విడిగా ఉతికి ఆరవేసుకోవచ్చు. వానాకాలంలో నేను ఇప్పుడు ఈ పద్ధతి తప్ప మరొకటి పాటించడం లేదు.

ప్రశ్న: మా మనవడికి పది నెలలు. బొమ్మకు కళ్లుగా స్వెటరు బొత్తాలనే కుడితే ముచ్చటగా ఉంటుందని మా అమ్మాయి అంటోంది. గట్టిగా కుడితే సరిపోదా?
– ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: సరిపోదు. దయచేసి కుట్టవద్దు. మీరు దారం ఎంత గట్టిగా వేసినా, పది నెలల బిడ్డ దానిని నోట్లో పెట్టుకొని చిగుళ్లతో నమిలి లాగుతూనే ఉంటాడు. దారం తెగకపోయినా దాని కింది ఉచ్చు సాగి బొత్తాం ఊడి వస్తుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో విడిపోయే చిన్న భాగం ఏదీ ఉండకూడదన్నది బొమ్మల భద్రతా ప్రమాణాల్లో మొదటి నియమం. చిన్న భాగం అంటే ఎంత అని కొలవడానికి ఆ ప్రమాణాల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టాన్ని వాడతారు. అంటే పాత కెమెరా రీలు డబ్బాలో పట్టే వస్తువు ఏదైనా పసివాడి గొంతుకు అడ్డం పడగలదని గుర్తుపెట్టుకోండి.

కళ్లు, ముక్కు, నోరు అన్నీ దారంతోనే కుట్టండి. నల్లదారం రెండు పోగులతో నిండు కుట్టు వేసి, పక్కన తెల్లదారంతో ఒక్క చిన్న చుక్క పెట్టండి. ఆ చుక్కతో బొమ్మకు చూపు వస్తుంది. రిబ్బన్లు, పొడుగు తాళ్లు, ఊలు కుచ్చులు పెట్టవద్దు. నూగు రాలే అంగోరా రకం స్వెటర్లు ఏడాదిలోపు పిల్లలకు పనికిరావు. ఏడాది నిండేదాకా పసివాడు నిద్రపోయేటప్పుడు ఉయ్యాలలోగానీ పక్కలోగానీ మెత్తని బొమ్మ ఉంచకూడదని పిల్లల వైద్యులు చెబుతారు, అది ముఖం మీద పడితే ఊపిరి ఆడదు. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఆడించండి. బొత్తాలు పారేయవద్దు, ఆ బాబుకు నాలుగేళ్లు వచ్చినప్పుడు ఆ బొమ్మకే చొక్కా కుట్టి, వాటిని దానికి పెట్టవచ్చు.

ప్రశ్న: మేము నలుగురు స్నేహితురాళ్లం కలిసి ఇలాంటి బొమ్మలు ముప్పై దాకా కుట్టాము. ఎగ్జిబిషన్‌లో పెట్టి అమ్మాలనుకుంటున్నాము. అనుమతి ఏదైనా కావాలా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: కావాలి. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకొనే బొమ్మలు అమ్మాలంటే వాటిపై ఐఎస్ఐ గుర్తు ఉండాలి. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతానికే చెందినదని ఒక వస్తువుకు ఇచ్చే జీఐ గుర్తు) పొందిన బొమ్మల అధీకృత తయారీదారులకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. మన ఏటికొప్పాక లక్కబొమ్మలకు ఆ భౌగోళిక గుర్తింపు ఉంది. కాబట్టి ముందు హస్తకళల కార్యాలయంలో కళాకారుల గుర్తింపు కార్డు కోసం దరఖాస్తు చేసుకొని, మీ పని ఆ జాబితాలోకి వస్తుందో లేదో అడిగి తెలుసుకోండి. అంతవరకు ఆ ముప్పై బొమ్మలను బంధువులకు, అంగన్‌వాడీ పిల్లలకు కానుకగా ఇవ్వండి. మినహాయింపు దొరికినా, పై జవాబులో చెప్పిన జాగ్రత్తలు మీ బొమ్మలకూ వర్తిస్తాయి. కొన్నవారి బిడ్డ మీకు తెలియదు, ఏ వయసో తెలియదు.

ప్రశ్న: మా నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన పెళ్లయిన కొత్తలో ఒడిశాలో ఉద్యోగం చేసేటప్పుడు, అమ్మ తన చేత్తో అల్లిన బూడిదరంగు స్వెటరు ఒకటి ఉంది. మోచేతి దగ్గర అమ్మే వేరే రంగు ఊలుతో మాసిక వేసింది. ఇప్పుడు అమ్మ దానితో నా ఇద్దరు పిల్లలకు చెరొక బొమ్మ కుట్టమంటోంది. కత్తెర చేతిలోకి తీసుకుంటున్నాను, పెట్టేస్తున్నాను. అమ్మ మాట కాదనలేను, కత్తిరించనూ లేను. నన్నేం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: అమ్మా, మీరు కత్తెర వాడనవసరం లేదు. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఈ మాట మీకు ఎప్పుడు చేరుతుందా అని ఎదురుచూస్తున్నాను.

చేత్తో అల్లిన స్వెటరు సాధారణంగా ఒకే ముక్క కాదు. ముందు భాగం, వెనుక భాగం, రెండు చేతులు విడివిడిగా అల్లి, ప్రతి ముక్క చివరా ఉచ్చులన్నీ మూసేసి, ఆ తరువాత అదే ఊలుతో సూదిపెట్టి కలిపి కుడతారు. అంటే కుట్లు మాత్రమే విప్పగలిగితే, నాలుగు ముక్కలూ అంచులు ఊడకుండా, అమ్మ అల్లినవి అల్లినట్టే విడివడతాయి. స్వెటరును తిరగేసి చంక దగ్గర పట్టుకొని చూడండి. అక్కడ రెండు ముక్కలు కలిసే చోట నిచ్చెన మెట్లలా అడ్డపోగులు కనిపిస్తాయి. అదే కలిపిన కుట్టు. మొద్దు మొన ఉన్న సూదితో ఒక్కొక్క మెట్టునూ ఎత్తి, ఆ పోగును మాత్రమే లాగుతూ పోండి. తొందరపడవద్దు, పగటి వెలుతురులో చేయండి. ఏది కుట్టు పోగో ఏది అల్లిక పోగో అనుమానం వస్తే ఆగిపోండి.

రెండు చేతులు విడిగా వస్తాయి, మీకు ఇద్దరు పిల్లలు. ఒక్కొక్క చేతిని మధ్యకు మడిచి పక్క కుట్టు మళ్లీ వేస్తే, కింద సన్నగా, పైన వెడల్పుగా ఒక గొట్టం అవుతుంది. మణికట్టు వైపు పట్టీని దారంతో దగ్గరకు లాగి ముడివేస్తే అది బొమ్మ తల పైభాగం. అక్కడి నుంచి ఒక జానెడు కిందికి మళ్లీ ఒక దారం చుట్టి బిగిస్తే మెడ. వెడల్పుగా ఉన్న భుజం వైపు పొట్ట అవుతుంది. బనియను సంచిలో ఫైబరు కూరి లోపల పెట్టి, అడుగు మూసేయండి. చెవులు, కాళ్లు వేరే పాత స్వెటరుతో చేసి అతకండి. మాసిక ఉన్న మోచెయ్యి సరిగ్గా బొమ్మ పొట్ట మీదికో వీపు మీదికో వస్తుంది. దానిని దాచవద్దు, విప్పవద్దు. పొట్ట మీదికే వచ్చేలా తిప్పి పెట్టండి. ముందు భాగం, వెనుక భాగం రెండూ మిగులుతాయి. వాటిని మళ్లీ కలిపి కుట్టి మీ అమ్మగారికి చిన్న దిండు తొడుగు చేసి ఇవ్వండి.

ఉతికేటప్పుడు గోరువెచ్చని నీళ్లు కూడా వద్దు, చన్నీళ్లలో మెత్తని సబ్బుతో ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన పరిచి ఆరబెట్టండి. అది ఉన్ని అయి ఉంటే వేడికి కుంచించుకొని, అల్లిక గీతలన్నీ పోతాయి. మిగతావారికి ఫెల్ట్ చేయమని నేనే చెప్పాను గానీ, మీ స్వెటరులో ఆ గీతలే ముఖ్యం.

విప్పడం మొదలుపెట్టే ముందు స్వెటరును మీ అమ్మగారి ఒళ్లో పెట్టండి. కలిపి కుట్టిన పోగు కొసను ఎక్కడో ఒకచోట లోపలికి దూర్చి దాచి ఉంటారు, మీరు వెతికితే దొరకకపోవచ్చు. దానిని దాచింది ఆవిడే. వేళ్లతో తడిమి ఆవిడ ఆ కొస చూపిస్తారు, అక్కడి నుంచి మీరు లాగండి.